నర్సింలు పేరు మీద వచ్చిన ఛాతీ

2018 ఆగస్టులో నన్ను సంగారెడ్డి బ్రాంచి నుంచి పటాన్‌చెరు సెంటర్‌కు బదిలీ చేసిన్రు. మాది మూడు ఊర్లల్ల బ్రాంచీలున్న ప్రైవేటు స్కానింగ్ సెంటర్. నా హోదా సీనియర్ టెక్నీషియన్. ఎక్స్‌రే గది, కొత్తగా బిగించిన సీటీ గది రెండూ నా చేతి కింద ఉండేవి. అప్పటికి ఈ పనిల ఇరవై ఏడేండ్లు గడిచినై. అల్లాహ్ దయవల్ల అన్నేండ్లల్ల నా మీద ఒక్క ఫిర్యాదు లేదు.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా అబ్బా గడియారాలు బాగుచేసేటోడు. దుకాణం మూసి వచ్చినంక నన్ను ముందట కూర్చోబెట్టుకొని ఉర్దూ, తెలుగు, లెక్కలు చెప్పిండు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసైన. తర్వాత ఎక్స్‌రే డిప్లొమా చేసిన. మా మొహల్లా ఆడవాళ్లు ఎక్స్‌రేకు మగమనిషి ముందుకు పోమని మొండికేసే రోజులవి, అందుకే ఈ పనికి అబ్బా సంతోషంగానే ఒప్పుకున్నడు. మగవాళ్లకు కూడా తీయవలసి వస్తదని ఆయనకు తెలుసు. చేతులు పని మీద ఉండాలె, చూపు కిందికి ఉండాలె అని ఒక్క మాట చెప్పి పంపిండు. ఆ మాటకు ఈనాటికీ అల్లాహ్‌కు షుక్ర్ చేసుకుంట. అయితే ఆ మాటను నేను పాటించిన తీరుల ఒక లోపం ఉన్నదని పటాన్‌చెరుకు పోయినంకనే తెలిసింది.

ముందు మా పని పద్ధతి కొంచెం చెప్పాలె. టెక్నీషియన్ బొమ్మ తీస్తడు, రేడియాలజిస్టు డాక్టరు ఆ బొమ్మను చదివి రిపోర్టు రాస్తరు. బొమ్మల ఏమున్నదో మాకు సగం అర్థమైనా, రోగికి ఒక్క ముక్క చెప్పే అధికారం మాకు లేదు. అక్కడి రేడియాలజిస్టు డాక్టర్ కల్పన. వయసుల నా బిడ్డంత, హోదాల నా పైఅధికారి. అందరి తీరుగనే ఆమె కూడా నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. పనిల మాత్రం వెంట్రుకంత తేడా వచ్చినా ఊరుకునేది కాదు.

సంగారెడ్డిల మా దగ్గరికి వచ్చేది రోగులు. పటాన్‌చెరుల సగం మంది రోగులు కారు, కార్మికులు. ఇస్నాపూర్, పాశమైలారం వైపు ఫ్యాక్టరీలల్ల కొత్తగా చేరేటోళ్లకు, పాతోళ్లకు ఏడాదికొకసారి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటది. రక్తం, కండ్లు, చెవులు, ఛాతీ ఎక్స్‌రే. కంపెనీ బస్సుల నలభై మందిని ఒక్కసారి దించుతరు. లేబర్ కాంట్రాక్టర్ సూపర్‌వైజరు పేర్లు పిలిచి టోకెన్ చీటీలు పంచుతడు. ఒక్కొక్కరికి నిమిషం, నిమిషంనర.

ఛాతీ ఎక్స్‌రేను మేము వెనక నుంచి తీస్తం. గుండె ఎక్స్‌రే పలకకు దగ్గరగా ఉంటే దాని నీడ పెద్దగ పడదు, అందుకని మనిషి ఛాతీని పలకకు ఆనించి, వీపు మా వైపు పెట్టి నిలబడతడు. గదవ పైకి, చేతులు నడుము మీద, భుజాలు ముందుకు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినోళ్లు ఎక్కువ కాబట్టి ఊపిరి పీల్చి ఆపుమనేందుకు ‘సాస్ లో, రోకో’ అని హిందీల చెప్తుంటి. మనిషి లోపలికి వచ్చేటప్పుడు గేటు పాసు మీది ఫోటోను, ముఖాన్ని కలిపి చూడాలని రూలు ఉండె. నేను చేయి చాపి టోకెన్ తీసుకొని, నంబరు చూసి, కంప్యూటర్ల పేరు నొక్కేదాన్ని. అప్పటికే వాళ్లు పలక దిక్కు తిరిగేటోళ్లు. నలభై మంది పోయినంక నాకు నలభై వీపులు యాదికుండేవి. ముఖం ఒక్కటి కూడా ఉండేది కాదు.

ఆ సెప్టెంబరుల ఒక మందుల ఫ్యాక్టరీ బస్సు వచ్చి పోయిన మూడో రోజు డాక్టర్ కల్పన నన్ను రిపోర్టు గదికి పిలిచి తెర చూపించింది. పేరు నర్సింలు, వయసు ముప్పై ఆరు. కుడి ఊపిరితిత్తి కింది భాగంల గుండ్రటి తెల్ల నీడ, నిమ్మకాయంత. మా దిక్కు ఛాతీల ఏ నీడ కనబడ్డా ముందుగాల టీబీ అంటరు. డాక్టరమ్మ మాత్రం పెన్ను మొనతోని ఆ నీడ నుంచి గుండె దిక్కు పోతున్న రెండు గీతలు చూపింది. ఒకటి రక్తం తెచ్చేది, ఒకటి తీసుకపోయేది కావచ్చని, ఇది గడ్డ కాదు, రక్తనాళాల ముడిలెక్క ఉన్నదని అన్నది.

దాన్ని ఏవీఎం అంటరు. గుండె నుంచి ఊపిరితిత్తికి పోయే పెద్ద నాళం మామూలుగా చీలి చీలి వెంట్రుకకన్న సన్నటి నాళాల జాలీ అయితది. రక్తం అక్కడ గాలి పట్టుకొని, రెండో దిక్కు నాళంల కలిసి గుండెకు తిరిగి పోతది. కొందరికి పుట్టుకతోనే ఒకచోట ఈ జాలీ ఉండదు. తెచ్చే నాళం తీసుకపోయే నాళంలకు నేరుగా తెరుచుకుంటది. గాలి పట్టుకోని రక్తం ఒంట్ల తిరుగుతది. ఆ జాలీ టీ వడపోసే జల్లెడ పని కూడా చేస్తది. అది లేకపోతే కాళ్లల్ల ఏర్పడ్డ చిన్న రక్తపు గడ్డ కూడా సక్కగ మెదడుకు పోవచ్చు. నాళం పలిగితే ఛాతీ రక్తంతో నిండుతది. టీబీ అనుకొని, గడ్డ అనుకొని ఎవరన్న సూది గుచ్చి ముక్క తీద్దామని చూస్తే అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. డాక్టరమ్మ అదే రోజు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, ఆ మనిషిని సీటీకి పంపమని చెప్పింది.

రెండు రోజులకు నర్సింలు వచ్చిండు. చిట్కుల్‌ల కిరాయికుంటడు. సన్నటి మనిషి, చేతులు మంచుగడ్డలెక్క ఉన్నై. ఏం అడిగినా ‘ఆ మేడం’ అనుడే తప్ప మాట లేదు. భయపడే రోగులను ఎందరినో చూసిన కాబట్టి నేను ఆ సంగతి పట్టించుకోలే. బిస్మిల్లా అనుకొని సూది పెట్టిన. సీటీల రక్తనాళాలు కనబడాలంటే కాంట్రాస్టు అనే మందును నరంలకు మిషన్‌తో పంపి, అది ఊపిరితిత్తి నాళానికి చేరే క్షణాన్ని పట్టుకొని స్కాన్ చేయాలె. క్షణం అటిటైతే బొమ్మ పాడైతది. ఆ రోజు సరిగ్గా పడ్డది. నాళాలన్నీ తెల్లగ, చెట్టు కొమ్మలలెక్క వచ్చినై.

నిమ్మకాయ నీడ మాత్రం లేదు.

కుడి ఊపిరితిత్తి కింది భాగం శుభ్రంగ ఉన్నది. నేను తెర మీద పైకీ కిందికీ మూడుసార్లు తిప్పిన. బదులుగ ఎడమ ఊపిరితిత్తి పైభాగంల ఎప్పుడో మానిన టీబీ మచ్చ, గీసినట్టు స్పష్టంగ ఉన్నది. ఎక్స్‌రేల ఆ మచ్చ లేదు. ఐదు రోజుల కింద లేని పాత మచ్చ ఇయ్యాల ఎట్ల వస్తది?

డాక్టర్ కల్పన వచ్చి చూసింది. తర్వాత మెల్లగనే అన్నది, పేర్లు తారుమారైనై ఆపా, ఒకరి పేరు మీద ఇంకొకరి ఫిల్ము పోయింది అని. కోపం లేకుంట అన్నది కాబట్టి నాకు ఇంకా బరువైంది. నేను కాదనలేదు. నలభై మంది హడావిడిల నా వేలు ఒక వరస కింద నొక్కి ఉండొచ్చు. మధ్యాహ్నం జొహర్ నమాజు కూడా చదవకుండ ఆ రోజు బస్సుల వచ్చిన నలభై ఫిల్ములు ఒక్కొక్కటి తెరిచిన.

నా లెక్క ఇది: తారుమారే అయితే, నర్సింలు అసలు ఫిల్ము ఇంకెవరి పేరు మీదనో ఉండాలె, దాంట్ల ఎడమ పైభాగంల మచ్చ కనబడాలె. నలభై చూసిన. మళ్ల మొదటి నుంచి చూసిన. ఆ మచ్చ ఏ ఛాతీల లేదు. అంటే పేర్లు మారలేదు. నర్సింలు ఆ రోజు నా పలక ముందు నిలబడనే లేదు.

అతని పేరు మీద వేరే మనిషి వచ్చిండు. ఆ మనిషిని నేను చేయి చాచినంత దూరంల నిలబెట్టి, ఊపిరి ఆపమని చెప్పిన. ముఖం యాది చేసుకుందామని కండ్లు మూసుకుంటే వీపే వచ్చింది. వెడల్పాటి వీపు, చెమటకు అంటుకున్న నీలం బనియన్. భుజాలు పలకకు పట్టక, ముందుకు తిప్పమని నేను రెండుసార్లు చెప్పింది కూడా యాదికొచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్న నర్సింలు భుజాలు అందుల సగం లేవు. ఆ రోజు ముఖం ఒక్క చూపు చూసి ఉంటే, ఇతను వేరే మనిషని గుర్తుపట్టేదాన్ని.

డాక్టరమ్మతో ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె ముఖం తెల్లబడ్డది. ఆ ఛాతీ ఎవరిదో తెలియకపోతే ఇన్ని మిషన్లు పెట్టుకొని ఏం లాభం అన్నది. నర్సింలును తానే పిలిచి గట్టిగ అడుగుతనన్నది. డాక్టరు అడిగితే అతను ఇంకా బిగుసుకుంటడు, నాకు అనుమతి ఇయ్యుండ్రి అని అడిగిన. రూలుకు విరుద్ధమే. జెరసేపు ఆలోచించి, ఏవీఎం సంగతి చెప్పడానికి కూడా ఒప్పుకున్నది.

సీటీ గదిల కూర్చోబెట్టిన. ఆ రోజు మొదటిసారి ఒక మగ కార్మికుని ముఖంలకు నేరుగ చూసి మాట్లాడిన.

“తమ్మీ, ఆ రోజు ఎక్స్‌రేకు వచ్చింది నువ్వు కాదు. నీ నౌకరి సంగతి నా చేతుల లేదు, నేను మాటియ్యలేను. కాని నీ పేరు మీద నిలబడ్డోని ఛాతీల రక్తనాళం ముడి పడి ఉన్నది. అది ఎప్పుడు పలుగుతదో ఎవరికీ తెల్వది.”

అతను తలుపు దిక్కు చూసిండు. ఆఖరికి, “బయట ఆటోల ఉన్నడు మేడం” అన్నడు.

“ఎవరు?”

“యాదగిరి. మా బామ్మర్ది. నన్ను తీసుకొచ్చింది వాడే.”

మేము ఏ ఛాతీ కోసం నలభై ఫిల్ములు తిరగేసినమో, ఆ ఛాతీ పొద్దటి నుంచి మా గేటు ముందట ఆటోల కూర్చొని ఉన్నది.

తర్వాత నర్సింలు ఆగకుండ చెప్పిండు. ఇరవై ఏండ్ల వయసుల టీబీ వచ్చిందట, ఆరు నెలలు మందులు మింగి నయమైందట. ఇంతకుముందు పనిచేసిన చోట ఒకతని ఎక్స్‌రేల మచ్చ కనబడితే కాంట్రాక్టరు అదే రోజు గేటు బయట నిలబెట్టిండట. కొత్త ఫ్యాక్టరీల చేరాలంటే ఎక్స్‌రే అనేసరికి నిద్ర పట్టలేదట. బామ్మర్ది ఎన్నడూ జ్వరం ఎరుగడు, సిమెంటు బస్తా ఒక్క చేత్తో లేపుతడు, వాని ఛాతీకన్న శుభ్రమైంది ఎవరికుంటదని వాణ్ని పంపిండట. సూపర్‌వైజరుకు తెలిసే జరిగిందట. సీటీకి రమ్మని ఫోన్ వచ్చినప్పుడు మోసం బయటపడ్డదనుకున్నడు తప్ప, వాని ఛాతీల ఏదన్న ఉండొచ్చని కలల కూడా అనుకోలేదట. “మా ఇంటామెకు నేనేం చెప్పాలె మేడం, తమ్మున్ని నేనే పంపిన” అని రెండుసార్లు అన్నడు.

యాదగిరి లోపలికి వచ్చిండు. ఇరవై ఎనిమిదేండ్ల మనిషి. అవే భుజాలు. భయం లేదు, నవ్వుతున్నడు. బావను చూసి, “దొరికిపోయినవా? నేను ముందే చెప్పిన, సప్పుడు చేయకు అని” అన్నడు. నా దిక్కు తిరిగి, “తప్పు మాదే మేడం. మా బావ ఊపిరి పీలిస్తే పంచరైన టైరులెక్క సప్పుడొస్తది, గందుకే నేను పోయిన. నన్ను కూడా తీసేస్తరా ఏంది? నేను ఫ్యాక్టరీలనే లేను, ఆటో నాది” అన్నడు. ఆ నవ్వుకు ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిండు.

డాక్టర్ కల్పన అతన్ని అడిగింది. ముక్కుల నుంచి రక్తం వస్తదా? వస్తది, చిన్నప్పటి నుంచి, వారానికొకసారి, వేడి చేసి. ఇంట్ల ఇంకెవరికన్న? అమ్మకు ఉండె, అక్కకు ఉన్నది, మా ఇంటి ఒంట్లనే వేడి. ఆమె నాలుక చాపమన్నది. నాలుక మీద, పెదవి లోపల సూది మొనంత ఎర్రటి చుక్కలు. వేళ్లు చూసింది, గోళ్లు గుండ్రంగ ఉబ్బి ఉన్నై. ఇవన్నీ ఆ నాళాల జబ్బు గుర్తులే, అది ఇంటి రక్తంల వస్తదని నాకు మెల్లగ చెప్పింది. రక్తంల గాలి ఎంతున్నదో చూపే చిన్న మిషన్ వేలికి పెట్టిన. మనకు నూటికి తొంభై ఆరు, తొంభై ఏడు ఉంటది. ఎనభై ఎనిమిది చూపింది. మిషన్ పాడైందనుకొని నా వేలికి పెట్టుకుంటే తొంభై ఏడు వచ్చింది. మళ్ల అతనికి పెడితే ఎనభై ఎనిమిది. సిమెంటు బస్తా లేపే మనిషి ఆ రక్తంతోనే నవ్వుతున్నడు.

అప్పుడే సీటీ చేయాలనుకున్నం. గదిలకు పోకముందు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక్కటే మాట అన్నది: “గొట్టంల ఒక్క గాలి బుడగ కూడా ఉండొద్దు ఆపా.” మిగతా మనుషులకు చిన్న బుడగ పోయినా ఊపిరితిత్తి జాలీల ఆగిపోతది. ఇతనికి ఆ జల్లెడ లేదు, బుడగ మెదడుకు పోతది. అప్పటికి వేలమందికి సూది పెట్టిన. అయినా ఆ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి, తట్టి, మందు వదిలి, మళ్ల తట్టి, నాలుగుసార్లు చూసిన. నోట్లనే దువా చదువుకున్న. యాదగిరి పండుకొని, “మేడం, మీరు నాకన్న ఎక్కువ పరేషాన్ అయితున్నరు” అన్నడు. అది నిజమే.

మందు పోయింది. తెర మీద ఊపిరితిత్తి నాళం తెల్లబడ్డ అదే క్షణంల కింద ఆ ముడి కూడా వెలిగింది. లావైన నాళం లోపలికి పోతున్నది, ఇంకా లావైన నాళం బయటికి వస్తున్నది, మధ్యల సంచిలెక్క ఉబ్బు. ఎడమ దిక్కు ఇంకొక చిన్నది కూడా ఉన్నది. ఎక్స్‌రేల అది గుండె వెనక దాగింది. డాక్టర్ కల్పన నా భుజం మీద చెయ్యేసి అట్లనే నిలబడ్డది. మా వెనక తలుపు అవతల నర్సింలు తలకాయ పట్టుకొని గోడకానుకొని ఉన్నడు.

హైదరాబాద్‌ల ఒక పెద్ద సర్కారు దవాఖానకు చీటీ రాసి పంపినం. అక్కడ వరుస పెద్దది. మూడు వారాలు ఆగుమన్నరు. రెండో వారంల ఒక పొద్దున యాదగిరి చాయ్ గ్లాసు పట్టుకుంటే కుడి చేయి పట్టు తప్పింది, మాట ముద్దగ వచ్చింది. చిన్న గడ్డ మెదడు దాక పోయినట్టున్నది, అరగంటకు తనంతట తనే తగ్గింది. నర్సింలు అదే ఆటోల అతన్ని వేసుకొని, మా రిపోర్టు చేతుల పట్టుకొని ఆ దవాఖానకు పోయిండు. రిపోర్టు చూసి వెంటనే చేర్చుకున్నరు. తొడ దగ్గరి నరం నుంచి సన్నటి గొట్టం ఊపిరితిత్తి దాక పంపి, లోహపు తీగచుట్టలతోని రెండు ముడులనూ మూసిన్రు. కోత లేదు. నెలకు మా దగ్గర చూస్తే తొంభై ఆరు వచ్చింది, అల్హమ్దులిల్లాహ్. వాళ్ల అక్కకు కూడా సీటీ చేసినం. ఆమెకు చిన్నది ఒకటున్నది, ఏటా చూపించుకోమని డాక్టరమ్మ చెప్పింది.

నర్సింలు సంగతి. ఎడమ పైభాగంల మానిన పాత మచ్చ, ఇప్పుడు జబ్బు లేదు, పనికి యోగ్యుడు అని డాక్టరమ్మ రాసింది. ఫ్యాక్టరీ డాక్టరు ఆ మాటకు అభ్యంతరం చెప్పలేదు. మొదటి రోజే తన ఛాతీతో తనే నిలబడి ఉంటే, వచ్చే రిపోర్టు కూడా అదే. అది విన్నంక అతను ఏడ్వలేదు, నవ్వలేదు, కుర్చీల కూలబడ్డడు. మనిషిని మార్చి పంపినందుకు కాంట్రాక్టరు నెల రోజులు పనిల నుంచి ఆపిండు. తర్వాత తీసుకున్నడు.

నా వంతు మిగిలింది. మా మేనేజరు మంచివాడే. కంప్యూటర్ల లేబుల్ తప్పు అని రాద్దాం, ఇరవై ఏడేండ్ల సర్వీసు మీకెందుకు మచ్చ అన్నడు. నేను ఒప్పుకోలే. లేబుల్ తప్పు అని రాస్తే ఆ మొదటి ఎక్స్‌రే ఎవరిదో కాగితం మీద తేలదు. రేపు యాదగిరికి చికిత్స చేసే డాక్టర్లకు ఆ ఫిల్ము అతని పేరు మీదనే ఉండాలె. ‘ముఖం, ఫోటో కలిపి చూడలేదు, ఈ తప్పు నాది’ అని నా చేతితోనే రాసిచ్చిన. మెమో వచ్చింది. మొత్తం సర్వీసుల అదొక్కటే.

2022ల రిటైరయ్యేదాక పటాన్‌చెరులనే చేసిన. ఆ సంఘటన తర్వాత మా గదిల వరస మార్చినం. మనిషి లోపలికి రాగానే తన పేరు తనే చెప్పాలె, తండ్రి పేరు చెప్పాలె, మేము ముఖాన్ని పాసు మీది ఫోటోతో కలిపి చూడాలె, ఆ తర్వాతనే పలక దిక్కు తిరగాలె. మనిషికి పది సెకండ్లు ఎక్కువ పడుతది. మొదట్ల సూపర్‌వైజర్లు గొణిగిన్రు, తర్వాత అలవాటు పడ్డరు.

కొత్తగా ఈ పనిలకు వచ్చేటోళ్లకు చెప్పవలసింది ఒకటున్నది. దవాఖానకు వచ్చే మనిషి తన నొప్పిని ముందట పెడతడు. ఫిట్‌నెస్‌కు వచ్చే మనిషి దాన్ని దాచిపెట్టి వస్తడు, ఎందుకంటే మన రిపోర్టు అతనికి మందు కాదు, గేటు పాసు. ఇద్దరినీ ఒకే తీరుగ నిలబెట్టి బొమ్మ తీసుడు నా తప్పు. అచ్చం సరిగ్గా తీసిన బొమ్మ కూడా, ఎవరిదో తెలియకపోతే, ఎవరికీ పనికిరాదు.